ఎనిమిది సెకన్లు

వింజమూరులో మా బోరుబండి ఆఫీసంటే
ఒక షట్టరు, రెండు కుర్చీలు, ఆగని ఫోను.
ఎండాకాలం ఆ ఫోనుకి నిద్ర లేదు,
దాంతోపాటు నాకూ.
బండి యాడుండాది? అడుగుకెంత?
కేసింగు పైపు మీదా, మాదా?
పదకొండేళ్లు ఇవే మాటలు చెప్పి చెప్పి
బిట్టు అరిగినట్టు అరిగింది నా గొంతు.

మూతబడిన నెట్ సెంటర్ నుంచి
మాలకొండయ్యగారు ఓ పాత కంప్యూటర్ మోసుకొచ్చారు.
బెంగళూరు కంపెనీవాళ్లు నెలకింతని అడిగారంట,
నిమిషానికింతని మళ్లీ.
"ఊరోళ్ల గోడు ఊరు దాటి పోవడం దేనికి షంషాదమ్మా,
మన షట్టరు కిందే పడుండనీ" అన్నారు.

ఎవరో, పేరూ ఊరూ తెలియనివాళ్లు రాసి
వాడుకోండని వదిలేసిన ప్రోగ్రాం అది.
చలివేంద్రం కుండలాంటిది,
నీళ్లు పోసిందెవరని తాగేవాడు అడగడు.

మొదటివారం అది పుస్తకంలా మాట్లాడింది.
"దయచేసి మీ అవసరాన్ని తెలియజేయండి."
వరికుంటపాడు పెంచలమ్మ హడలిపోయి
"ఎవురు, కలెక్టరాఫీసా?" అని పెట్టేసింది.
ఇంక లాభం లేదని నా గొంతే ఇచ్చాను.
ఫ్యాను ఆపి, దుప్పటి ముసుగేసుకుని
మూడొందల వాక్యాలు, చెమటలో తడుస్తూ.
యాడ అంటే ఎక్కడని,
మా బండి అంటే మాది కాదు, తమ వంతని,
రెండించులు పడ్డాయంటే
అది కొలత కాదు, పెళ్లికబురని నేర్పాను.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి
ఇన్వర్టర్ మూలుగుతుంటే
నా గొంతు నా పక్కనే పని చేసుకుంటోంది.
నేను టీ తాగుతున్నాను.
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సోమవారం లెక్కలు తిరగేస్తుంటే
ఒకే నంబరు, దుత్తలూరు వైపుది,
రాత్రి రెండింటికి, రెండూ ఐదుకి, రెండుంబావుకి.
ఎదురుగా ఒకే మాట: కాల్ ఆగింది. కారణం, మౌనం.

ఆ పగలే అక్కడ ఏడొందల ఎనభై అడుగులు దించారు మావాళ్లు.
పొడి తప్ప తడి లేదు.
అతను ఫోన్ చేశాడు.
"చెప్పండి, బోరుబండి ఆఫీసు."
ఎనిమిది సెకన్లు.
"మీ మాట వినబడలేదు, ధన్యవాదాలు."
మూడుసార్లు.
నా గొంతుతోనే.

ఆ మౌనం నాకు తెలుసు.
ఎండిన బోరు దగ్గర్నుంచి ఫోన్ చేసేవాళ్లు
ఏదీ అడగడానికి చెయ్యరు.
నేనూ ఏమీ చెప్పేదాన్ని కాదు.
అవతల గొడ్డు మెడలో గంట కదిలేది,
ఎవరో దగ్గేవారు,
కాసేపటికి "సరేమ్మా" అని పెట్టేసేవారు.
పదకొండేళ్ల జీతంలో
ఆ పనికెంతో ఎవరూ లెక్క కట్టలేదు.
దానికి నేర్పిన మూడొందల్లో
నేనూ ఆ సంగతి మరిచాను.

ఫైలు తెరిచాను.
నాది కాని భాషలో వరసలు వరసలు.
ఎనిమిది కోసం వెతికాను,
బియ్యంలో రాయి కోసం వెతికినట్టు.
దొరికింది. చెరిపాను. నలభై అని రాశాను.
నలభై మాత్రం ఎవరు కొలిచారు?
అదీ కొట్టేసి, కిందామీదా పడి ఇలా రాశాను:
రాత్రిపూట అవతలివాళ్లు మాట్లాడకపోతే
నా సెల్లుకి కలుపు.
బెంగళూరిదైతే
ఆ ఎనిమిదిని నన్ను తాకనిచ్చేవారా!

ఆ రాత్రే మోగింది.
ఎత్తాను. అతను పలకలేదు, నేనూ పలకలేదు.
అటువైపు ఎక్కడో ఖాళీ బకెట్టు గాలికి దొర్లింది.
చాలాసేపటికి
"నిన్న మాట్లాడింది కూడా నువ్వేనామ్మా?" అన్నాడు.
కాదనబోయి, అవునన్నాను.

"బిల్లు రెండు కంతుల్లో కడతాను,
అయ్యగారికి చెప్పు."
లైటు వేయకుండానే
క్యాలెండర్ వెనక రాసుకున్నాను.