పేలని బాయిలరు

కింతలి జగదాంబ గారు కాలేజీలో లెక్కలు చెప్పిన రోజులు నాకు తెలీవు.
డెప్యుటేషను మీద మా ఆఫీసుకొచ్చిన పొద్దున్న చూశాను:
ఒక చేతిలో టిఫిను కారియరు,
ఇంకో చేతిలో, చీరల కొట్టు సంచీలో, సంభావ్యతా శాస్త్రం.
"రెండేళ్ళే. మళ్ళీ పాఠాలకి పోతాను" అంది.
పంతొమ్మిదేళ్ళుంది.
పంతొమ్మిదేళ్ళూ ఆవిడ నోటిమాట టైపు కొట్టినవాణ్ణి,
దుంగ గవరయ్యని, విజయనగరం.

మొదట్లో నవ్వుకున్నాం లెండి.
అంతకుముందు దొరలు జీపు దిగకుండానే సంతకం పెట్టేవారు,
వెనకసీట్లో సన్నబియ్యం బస్తా ఎక్కేది.
ఈవిడ కొంగు బిగించి
మనిషి దూరే కంతలోంచి బాయిలరు కడుపులోకి పాకింది.
చిన్న సుత్తితో కొట్టి, చెవి ఆనించి,
సంతలో కుండ బేరమాడే మనిషిలా వింది.
"పలుకు మారింది గవరయ్యా, రాసుకో."
పన్నెండు మిల్లీమీటర్లుండాల్సిన రేకు ఏడు.
సేఫ్టీ వాల్వు లేవకుండా
ఎవరో దాని చేతికి ఇటుక కట్టారు.

మరోసారి రిపోర్టులో చెప్పింది:
ప్రమాదానికి అవకాశం ఏడాదికి పదివేలకొకటి.
టైపు ఆపి అడిగాను,
"ఆ ఒకటి ఎవరమ్మా?"
కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.
"తెలిస్తే ఆ రోజు సెలవు పెట్టమననా?"

వాడి పేరు తర్వాత తెలిసింది.
లెంక సూరప్పడు.
చీపురుపల్లి వైపు రైసు మిల్లు,
అన్ని కొలతలూ సరిపోయాయని ఆవిడే పాసు చేసిన బాయిలరు.
కోర్టులో యజమాని వకీలు
ఇంకేమీ చూపించలేదు, ఆవిడ సంతకం చూపించాడు.
ఆ సర్టిఫికెట్టు నకలు నా చేతే తీయించి
బల్ల అద్దం కింద పెట్టుకుంది.
దాని మీదే భోజనం చేసేది.

ఆ మరుసటేడే గోనె మిల్లు మూయించింది.
పదకొండు వారాలు.
పైనుంచి ఫోన్లు. ఆవిడ ఎత్తి, విని,
"సెక్షను నంబరు చెప్పమంటారా" అనేది, పాఠం చెప్పే గొంతుతోనే.
గేటు దగ్గర ఆడాళ్ళు ఖాళీ తపేలాలు మోగించారు.
ఎవరి పిల్లదో పుస్తె తాకట్టుకెళ్ళింది.
నా మరదలు మొగుడికీ ఆ మిల్లే; ఆ ఏడు పండక్కి మా ఇంటికి రాలేదు.
కొత్త రేకు వేశారు. నీళ్ళ ఒత్తిడి పరీక్ష. ఆవిరి. సైరను.
ఏమీ జరగలేదు.
ఏమీ జరగకపోవడానికి మా ఆఫీసులో ఫైలు లేదు.
పేలినవాటికి రెండు బీరువాలున్నాయి.

రిటైరయ్యాక ఒక సాయంత్రం
గంటస్తంభం దగ్గర బజ్జీలకి ఆగాం.
బండివాడు పొట్లం కడుతూ ఆవిడ మొహంలోకి చూశాడు.
"తవుఁరు బాయిలరమ్మ గారు కదూ?
పదకొండు వారాలు గంజి తాగినాం. మా ఆడది నగలమ్మేసినాది.
తిరిగి మిల్లుకెల్లనేదు, ఈ బండి ఎట్టుకున్నాను."
కోపం లేదు. నూనెలో గరిటె తిప్పుతూ అడిగాడు:
"ఇంతకీ అది పేలేదేనేటమ్మా?"

నేనయితే అవుననేవాణ్ణి.
పంతొమ్మిదేళ్ళ ఉద్యోగం, ఒక్క ముక్క, ఎవరు కాదంటారు?
ఆవిడ అద్దాలు సవరించుకుని
క్లాసులో ఎవరో మంచి ప్రశ్న వేసినట్టు కాసేపు ఆలోచించింది.

"తెలీదయ్యా" అంది.

వాడు పెద్దగా నవ్వాడు.
డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు.
వాడు చిల్లర వెతుకుతుంటే చూశాను,
ఆవిడ కుడిచెయ్యి ఆవిణ్ణడక్కుండా వంగి
కిరసనాయిలు స్టవ్వు పంపు మర
సగం చుట్టు వదులు చేస్తోంది.