కంటి దాకా

వేళ్ల కణుపులతో పీపాని తడుతూ
కింది నుంచి పైకి వస్తాడు ఫార్కర్.
మొద్దుగా, మొద్దుగా పలుకుతూ వచ్చిన చెక్క
ఒకచోట ఉన్నట్టుండి గొంతు మార్చుకుంటుంది.
అక్కడ సుద్దముక్కతో గీత.
గీత కింద విస్కీ.
గీత పైన ఉన్నదాని పేరు అలిజ్.

వెలితి అందామా మనం?
అందాం. కానీ వెలితి మనసులో ఉంటుంది,
అలిజ్ పద్దులో ఉంటుంది.
పదకొండో పీపా, రెండు గ్యాలన్ల ముప్పావు.
లేనిదాన్ని కొలిచి, కింద సంతకం పెట్టి
సర్కారుకి లెక్క అప్పజెప్పే మాట.
చూడ్డానికి వచ్చినవాళ్లతో గిడ్డంగి యజమాని
"అది దేవదూతల వాటా" అని నవ్వేవాడు.
"వచ్చి వేలిముద్ర వేశారా?" అనేవాడు ఫార్కర్
లోతుకర్ర తుడుచుకుంటూ.

కింటైర్ తీరాన, ఉప్పుగాలి తలుపులు కొరికే ఊళ్లో
నలభై ఏళ్లు ఇదే పని.
ఇంటికొచ్చినా చెయ్యి ఊరుకునేది కాదు.
బొగ్గుల తొట్టిని తట్టేవాడు, టీ డబ్బాని తట్టేవాడు,
రొంప పట్టిన రాత్రి తన రొమ్మునే తట్టుకుని
"ఇష్బెల్, పైభాగం ఖాళీయే" అనేవాడు.

వెనకటి ఫ్రెంచి ద్రాక్షసారా వాళ్లకి
పీపా బెజ్జం అంటే కన్ను.
తరిగినప్పుడల్లా కంటి దాకా పొయ్యడం,
పుట్టినప్పుడు ఈ మాటకి అర్థం అదీ.
సముద్రం దాటేలోపు ఎక్కడ ఒలికిపోయిందో,
నింపడం పోయి నిండనిది మిగిలింది.
నాకేం ఆశ్చర్యం లేదు.
మా పెద్దత్త బియ్యం డబ్బా అడుగు గీరుతూ
"నిండుకున్నాయి" అనేది.
ఆ గీకుడు చప్పుడు వీధిలోకి వినిపించేది.

నవంబరులో పోయాడు ఫార్కర్.
వారపత్రికకి ఇష్బెల్ రాసి పంపింది రెండే వరుసలు.
ఫార్కర్ గాల్‌బ్రెయిత్, గేజరు.
అలిజ్: ఒక మనిషి.

ఆ ఊళ్లో ఆ మాట పద్దు దాటి బయటికి రావడం అదే మొదలు.
అచ్చుకూర్చే కుర్రవాడు కళ్లజోడు పైకి తోసుకున్నాడు.
ఇంగ్లీషులో రాస్తే అది
విలేజ్‌కి సరిగ్గా ఒక్క అక్షరం తక్కువ.
పాపం పెద్దావిడ, ఏడుపులో అక్షరం మింగేసిందనుకుని
సీసపు అరలోంచి ఒకటి తీసి ముందు అతికించాడు.

శుక్రవారం పేపర్లో
ఊరు: ఒక మనిషి.

ఇష్బెల్ నవ్వింది, మూడు వారాల తర్వాత.
పొయ్యి ముందు కూచుని, పేపరు మోకాళ్ల మీద పరుచుకుని,
పక్కింటివాళ్లు గోడ తట్టేంత గట్టిగా నవ్వి
కంటి దాకా వచ్చాక ఆగింది.

సోమవారం కుర్రవాడు టోపీ చేతిలో నలుపుకుంటూ వచ్చాడు.
సవరణ వేస్తాం అన్నాడు.
వద్దంది. కూచోమంది.
టీ పోసింది, ఆ ఇంటి అలవాటు చొప్పున
అంచుకి వేలెడు కిందికి.