మూడు వాటాల పెరడు

మన భాషలో ఎన్ని మాటలున్నాయో చూడండి.
ఆవుది పేడ, మేకవి పెంటికలు,
గుర్రానిది లద్ది, కాకిది రెట్ట.
కుక్కదానికి మాత్రం
నలుగురిలో అనదగ్గ మాట ఒక్కటీ లేదు.
పేరు లేనిదాన్ని ఎవరెత్తుతారు?

గుణుపురంలో మేమున్నది మూడు వాటాల ఇల్లు.
ఇటు మేము, అటు బిజుళి రౌతు వాళ్లు,
వెనక రేకుల గదిలో సుంబారి.
కుక్క ఒక్కటే.
మాకు చుక్క, వాళ్లకి కాళియా.
సుంబారి పేరేమీ పెట్టలేదు,
నాలిక చప్పరిస్తే చాలు, పరిగెత్తేది.
అన్నం వేళకి అది అందరిదీ.
తెల్లారి నూతి గట్టు పక్కన కనిపించేది మాత్రం
మీ చుక్కదే అని వాళ్లు,
మీ కాళియాదే అని మేము.

ఆ ఏడు వంశధార గట్లు ఒరుసుకుని పారింది.
వారం రోజులు వాన.
ఉన్నదంతా కరిగించి, పరిచి,
ఎవరి వాటా ఎంతో తేల్చకుండా
పెరడంతా ఒక్కటే చేసింది.

తర్వాత మా హైమ అరికాల్లో ఎర్రటి గీత.
రాత్రి మడమ దగ్గర, మర్నాటికి వేలెడు ముందుకి,
లోపల్నించి ఎవరో వంకరగా
ఉత్తరం రాస్తున్నట్టు.
పిల్ల గోకి గోకి ఏడ్చి నిద్రపోయేది.
ఆసుపత్రిలో డాక్టరు పాదం తిప్పి చూసి
"ఘొరె కుకురొ ఒచ్ఛి కి?" అన్నాడు.
ఉంది, అన్నాను.
మాదే, అన్నాను.
ఆ మాట నా నోట రావడం అదే మొదలు.

అందుకని ఇప్పుడు
పిడి విరిగిన పార, పాత సిమెంటు తట్ట,
మా రైసుమిల్లు ఊక బూడిద.
పొద్దున్న రైలు కూసేలోగా
నడుం వంచి గుమస్తా లెక్క చూస్తాడు:
నిన్న రెండు, ఇవాళ మూడు.
ఒకదాంట్లో నేరేడు గింజలు,
ఒకదాంట్లో బిజుళి గారి చీర అంచు దారం.
నూకల్లా తెల్లగా ఏవో కదిలిన రోజు
చుక్కని సైకిలు మీద కట్టుకుని
పశువుల డాక్టరు దగ్గరికి పోయాను.
మొదట్లో తెలివితక్కువగా
బీరపాదు మొదట్లో పోశాను, ఎరువు కదా అని.
"అది పేడ కాదు, పిల్ల తినే కాయ" అని
మా ఆవిడ పార లాక్కుంది.
అప్పుడు తవ్వాను గొయ్యి,
నూతికి దూరంగా, పాదుకి దూరంగా, మోకాలి లోతు.
పైన సున్నం, ఆ పైన పెంకుటి చట్రం.

బిజుళి గారు గుమ్మంలోంచి చూసేవారు.
ముక్కుకి కొంగు, మాట లేదు.
నాకూ కోపమే.
కాళియా ఆవిడ చేపముల్లు తినలేదా?

మిల్లు పని మీద రాయగడ పోయి
నాలుగో రోజు దిగాను.
పెరడు ఎలా ఉంటుందో తలుచుకుంటూ
చెప్పులు చేతపట్టకుండా, జాగ్రత్తగా, అడుగు అడుగూ చూసుకుంటూ వచ్చాను.
ఏమీ లేదు.
గొయ్యి మీద తాజా బూడిద.
పార మా గోడకి లేదు,
బిజుళి గారి గోడకి ఆని ఉంది.
దానికి కొత్త వెదురు పిడి,
సుంబారి కత్తి చెక్కిన గుర్తులు ఇంకా పచ్చిగా.

ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.
"చుక్కా" అని పిలిచాను.
సరిగ్గా అప్పుడే అటునించి "కాళియా!"
అది ఇద్దరినీ చూసింది,
తడి ఆరిన చోటు వెతుక్కుంది,
మా రెండు గుమ్మాలకీ సరిగ్గా నడుమ
నిదానంగా వీపు వంచింది.