ఏడడుగుల వాలు

కాలువ మూల నిలబడి చూస్తే
అవతలి గోల్‌కీపర్ మేడ మీద ఉన్నట్టుంటాడు.
అంత వాలు మా మైదానం.
ఆ మూల నుంచి ఈ మూలకి ఏడడుగులని
హెస్కెత్ లెక్క,
బీరు సీసాలో నీళ్లు పోసి, అడ్డంగా పడుకోబెట్టి
బుడగ ఎటు పరిగెడుతుందో చూసి తేల్చింది.

గడ్డి కోత అతనిది, బకెట్ నాది.
"మా భాషలో ఏడడుగులంటే పెళ్లి" అన్నానొకసారి.
నవ్వలేదు.
గడ్డిపరక నములుతూ
"అయితే ఊరికీ దీనికీ ఎప్పుడో అయిపోయింది" అన్నాడు.

పద్దెనిమిది వందల ఎనభై ఏడు.
శనివారం మధ్యాహ్నం కూత కూయగానే
తాళ్ల ఫ్యాక్టరీ వాళ్లు
చేతుల నూగైనా దులుపుకోకుండా వచ్చి
కర్రలు పాతారు.
అడ్డకర్రకి డబ్బుల్లేక తాడు కట్టారు.
థ్రెల్‌బీలో దేనికైనా కరువు గానీ తాడుకి కాదు.
గాలికి అది కిందికి సాగేది.
గోలా కాదా అన్న మొదటి తగాదా
రెండు కుటుంబాల మధ్య
ఇంకా నడుస్తూనే ఉంది.

టాస్ గెలిస్తే మొదట ఎక్కుడు, తర్వాత దిగుడు.
మాకు తెలిసిన శాస్త్రం అంతే.
పరాయి ఊరివాళ్లు మా మీదికి మూడు గోల్స్ దొర్లించి
ఈలలేసుకుంటూ టీకి వెళ్లేవాళ్లు.
తిరిగొచ్చాక
బంతి వాళ్ల మాట వినేది కాదు.

పదిహేడులో మగపిల్లలు లేరు.
నార పేనే అమ్మాయిలే
బూట్లలో గుడ్డలు కుక్కుకుని ఆడారు.
ఎడమ వింగ్‌లో ఎథెలిండా క్రాగ్,
నలుగురు తమ్ముళ్ల బూట్లు వంతులేసి అరగదీసింది.
వాటి కోసం ఇద్దరే తిరిగొచ్చారు.

రెండో యుద్ధంలో బంగాళాదుంపలు వేశారు.
పల్లం వైపు దుంప బాగా ఊరిందట.

ఫ్యాక్టరీ మూతపడ్డ ఏడు
టికెట్ల డబ్బు కరెంటు బిల్లుకే చాల్లేదు.
బ్యాంకు మనిషి వచ్చాడు, ఆ చివర నుంచి ఈ చివరకి నడిచాడు,
"ఇళ్లకి పనికిరాదు, వాలెక్కువ" అని రాసుకుని
బురద బూట్లతో వెళ్లిపోయాడు.
అలా బతికాం.

ఆ తర్వాత ఎన్నాళ్లకో పట్టుకుంది ఎక్కడం.
తొమ్మిదేళ్లలో నాలుగు డివిజన్లు.
వానలో గెలిచాం, పెనాల్టీల్లో గెలిచాం,
ఒకసారి మేం ఓడిపోయాం గానీ
ఎక్కడో ఇంకెవరో ఇంకా ఘోరంగా ఓడిపోయారు.
ఆ రాత్రి పబ్బులో రేడియో పగిలింది,
ఎవర్నీ డబ్బు కట్టమనలేదు.
డ్రెస్సింగ్ రూముకి వేడినీళ్లొచ్చాయి,
ఒక స్పాన్సరొచ్చాడు,
ఊరి పేరు పలకడం రాని స్ట్రైకరొకడు వచ్చాడు.
మే నెలకల్లా
అతని పేరు పలకడం ఊరే నేర్చుకుంది.

అప్పుడొచ్చింది పై లీగు నుంచి ఉత్తరం:
మైదానం చదునుగా ఉండాలి.
ఏరు దాటాం కదా, తెప్ప తగలెయ్యమని
మంచి కాగితం మీద, మర్యాదగా.

జూన్‌లో యంత్రాలు దిగాయి.
మెరక కోసి పల్లంలో పోశాయి.
మట్టిలో బూటు మేకులు, కుళ్లిన నారముక్క,
ఎవరు వేశారో తెలియని గాజుగోళీ.
అంతా అయ్యాక హెస్కెత్
అదే సీసా తెచ్చి
మధ్య వృత్తంలో పడుకోబెట్టాడు.
బుడగ కదల్లేదు.
చాలాసేపు చూశాడు,
పాడైందేమోనని వేలితో తట్టాడు.

మొన్న శనివారం ఇరవై రెండు వేల మంది.
దీపాలు, కెమెరాలు, బిలియర్డ్స్ బల్లలా నేల.
టాస్ మాదే.
కెప్టెన్ ఈ వేసవిలోనే వచ్చిన కుర్రాడు,
వాలు మీద ఒక్క మ్యాచ్ ఆడి ఎరుగడు.
ఎటువైపు అంటే
కాలువ వైపు చెయ్యి చూపించాడు:
మొదట ఎక్కుడు.
ఎవరు చెప్పారో తెలీదు.

రెండు గోల్స్ వెనకబడి టీకి వెళ్లాం.
పాత స్టాండులో ముసలివాళ్లంతా
ఎప్పటిలాగే ఒక పక్కకి ఒరిగి కూర్చున్నారు.
హెస్కెత్ గడియారం చూసుకుని
కోటు గుండీలు పెట్టుకుంటూ
"ఇక దిగుడే" అన్నాడు.