వాగు నోరు

కొవిల్యా కొండవాలు మీద
ఉన్ని మిల్లు ఇప్పుడు కాలేజీ.
అద్దకం గుంతల పైన అద్దం పరిచి
ఎవరూ పడకుండా చుట్టూ ఇత్తడి కడ్డీ.
పిల్లలు ఒంగి చూస్తారు,
గంట కొట్టగానే పోతారు.

దెయొలిందా నేల తుడుస్తుంది.
పదకొండో ఏట తడి ఉన్ని మోసిందీ
ఈ నేల మీదే.
అప్పుడు జారేది, ఇప్పుడు మెరుస్తోంది.

లోపల ఏ రంగు కాగుతోందో
ఊరు వాగునడిగి తెలుసుకునేది.
నల్లగా పారితే పాద్రీల అంగీలు.
ఎర్రగా పారితే చాకిరేవులో తిట్లే తిట్లు.
ఆకుపచ్చ పారితే మాత్రం
వాళ్ళమ్మ తలుపేసుకునేది:
సైన్యం ఇంకా బట్టలు కొంటోందంటే
అన్సెల్మో ఇంకా అంగోలాలోనే.

ఏళ్ళకేళ్ళు పారి
ఒక వసంతంలో ఆగిందా రంగు.
రైలు దిగినవాళ్ళను దెయొలిందా లెక్కపెట్టింది.
ఆ లెక్క ఎవరికీ చెప్పలేదు.

"నీళ్ళిప్పుడు ఎంత తేటగా ఉన్నాయో!" అన్నాను.
"ఉన్నాయి. నోరే పడిపోయింది," అంది,

బకెట్టు మోసుకెళ్ళి ఒడ్డున ఒంపింది.
రెండడుగుల మేర
వాగు మసకేసి,
మళ్ళీ ఏమీ ఎరగనట్టు.