తర్జుమా

గుణుపురం గుడి వరండాలో
ఆదివారం పూజ అయ్యాక
నాకు ఎప్పుడూ నడిమి కుర్చీయే.
ఇటు ఒడియా, అటు సవర,
ఎదురుగా మా తెలుగు వీధి.
ఇరవై రెండేళ్లుగా ఉపదేశిని,
అంటే నోరు అద్దెకిచ్చినవాణ్ణి.

ఆ వారం ఫాదర్ అన్నారు:
"రిట్రీటుకెళ్లినవాళ్లు, కొండకి నడిచిన పిల్లలు
తలో ముక్క చెప్పండి. ప్రసంగాలొద్దు."

ముందు లేచినవాడు రైలుగేటు శౌరయ్య.
మూడు రోజుల మౌన ధ్యానంలో
మూడు రోజులూ నిద్రపోయానన్నాడు.
"రాత్రి డూటీ మడిసిని బాబూ,
పదకొండేళ్లలో నన్నెవరూ లేపని చోటు
అదొక్కటే."
తెలుగు వీధంతా నవ్వింది.
నేనూ నవ్వుతూనే ఒడియాలోకి మార్చాను.
అటు ఒక్కరూ నవ్వలేదు.
ఎక్కడ మాట జారానా అని తడుముకున్నాను.
సరిగ్గా విన్నది వాళ్లేనని
ఇంటికి నడుస్తుంటే తోచింది.

ఇన్నాసమ్మ ఒక్క ఉపన్యాసమూ వినలేదట.
నూట నలభై మందికి పప్పు, పెద్ద గరిటె, పొగ.
మాట్లాడకూడదు గనక
ఉప్పు చాల్లేదని ఎవరూ అనలేదు.
"ఆ మూడు రోజులే నా వంటకి వంకలేదు" అని
కొంగు సర్దుకుని కూర్చుంది.

రైకా వాళ్ల నిర్మల్ కొండదాకా సిలువ మోశాడు.
భక్తేమీ కాదట,
బియ్యం మూటకన్నా అదే తేలికట.
ఫాదర్‌కి దగ్గొచ్చింది.

ఆ తర్వాత జిసింతి.
పుట్టాసింగి అవతలి గుంట, పదహారేళ్లుంటాయి.
నేల చూస్తూ సవరలో మొదలెట్టింది.
ఆగదు. నాకు సందివ్వదు.
వెనకాల పరుగెత్తినట్టు చెబుతూ పోయాను.

రెండో రాత్రి కాళ్లు బొబ్బలెక్కాయట.
దారి పక్క ఊళ్లో ఓ ముసలామె,
మన గుడి మనిషి కాదు,
పసుపు నూరి పాదాలకి పట్టించి
చోడంబలి పోసిందట.
"ఎవరికోసం నడుస్తున్నావే?" అందట.
తక్కిన పిల్లలకి చెప్పుకోడానికున్నాయి:
పరీక్షలు, అమ్మ మోకాళ్లు, అన్న బెయిలు.
ఈ పిల్లకేమీ లేదు. స్నేహితురాళ్లు వస్తుంటే వచ్చింది.
"అయితే నా మేకకోసం మొక్కు" అందట ముసలామె,
"మేత ముట్టి మూడు రోజులైంది."

కొండమీద మరియతల్లి ముందు
అందరూ ఏడుస్తుంటే
జిసింతి మేక గురించి చెప్పిందట.
రంగు చెప్పింది. ఎడమ కొమ్ము విరిగిందని చెప్పింది.
పేరు అడగడం మరిచానని క్షమాపణ చెప్పింది.

తిరుగుదారిలో అదే ఇల్లు.
ముసలామె మళ్లీ అంబలి పోసింది.
గుంజకి తాడుంది.
మేక లేదు.

అక్కడ ఆగిపోయింది పిల్ల.
మూడు భాషలవాళ్లూ నా నోరే చూస్తున్నారు.
సత్యప్రమాణంగా చెబుతున్నాను,
నాలుక చివరిదాకా వచ్చింది:
మేతకి తోలుకెళ్లారని.
అంతటి చిన్న మాట.
ఎవరికి నష్టం?

"అడిగావా?" అన్నాను సవరలో, మెల్లగా.
"లేదు. గిన్నె కడిగిచ్చి వచ్చేశాను."

అదే చెప్పాను, తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి.
ఎవరో "ఆమెన్" అందామని నోరు తెరిచి
మూసేసినట్టు వినబడింది.
ఆనక టీ వచ్చింది. బెల్లం టీ. ఈగలు.

నన్నెవరూ అడగలేదు, నువ్వేం పొందావని.
అడగరు కూడా.
ఇన్నేళ్లలో ఆ కుర్చీలో
నేను "నేను" అన్న ప్రతిసారీ
అది ఇంకెవరిదో.

ఆ రాత్రి జపమాలలో
నాలుగో పదిలో ఎక్కడో తప్పాను.
పూసమీద వేలు ఆగిపోయింది.
"ఏటి గొణుగుతున్నావు?" అంది మా ఆవిడ.

ఎడమ కొమ్ము విరిగింది, అన్నాను.