తరుగు

జెనిత్సా ఉక్కు ఫ్యాక్టరీ గేటు దగ్గర
ముప్పై ఒక్క ఏళ్లు అమ్మ కాటా చూసింది,
కొలిమి ఆరిపోయిన యుద్ధపు ఏళ్లు తీసేస్తే.
తుక్కు లారీ ఎక్కగానే
ముల్లు ఊగి, ఊగి, ఆగేదాకా ఊపిరి బిగబట్టి
బురదకింత, తుప్పుకింత తరుగు తీసి
చీటీ మీద అంకె వేసేది.
ఆ అంకెతో ఎవరూ వాదించేవారు కాదు.

ఇప్పుడు ఆమె ఒంట్లో ఇనుము లేదట.
ఉందట కూడా.
డాక్టర్ పెర్కోవిచ్ కాగితం మీద గిడ్డంగి బొమ్మ గీసి
తలుపుకి తాళం పెట్టాడు:
"సరుకు లోపలే ఉంది షెఫికా గారూ,
జబ్బు తాళంచెవి దాచేసింది."
అమ్మ మూడో మెట్టు మీదే కూర్చుండిపోతోంది.

గ్రాజ్ నుంచి తమ్ముడు ఫోన్:
"ఇనుమంటే గడ్డకి మేత అక్కా,
పామని తెలిసీ పాలు పోస్తామా?"
పక్కింటి జుమ్రా ఆపిల్‌కి మేకులు గుచ్చి
రాత్రంతా ఉంచి తెచ్చింది.
మేకులు పీకిన చోట ఏడు నల్లటి కన్నాలు.
మర్యాదకి అమ్మ ఒక ముక్క నమిలింది.
మాత్రలంటారా, కడుపులో రాళ్లు.
పైగా కాఫీ దగ్గరికి రానివ్వకూడదు.

నేను రాత్రుళ్లు చదువుతాను.
ఒక కాగితం ఇవ్వమంటుంది, ఒకటి ఆగమంటుంది.
డాక్టర్ని నిలదీస్తే కళ్లద్దాలు తుడుచుకున్నాడు.
"గడ్డకి వెళ్లదని చేతిలో చెయ్యేసి చెప్పలేను.
ఇవ్వకపోతే వచ్చే కీమోకి ఆమె నిలబడుతుందనీ చెప్పలేను."
నాలోని ముల్లు
ఊగుతూనే ఉంది.

అమ్మే అడిగింది: "ఎంత ఎక్కిస్తారు?"
"అర గ్రాము. సెలైన్‌లో."
"అర గ్రామా?"
చాలా రోజులకి నవ్వింది, దగ్గొచ్చేదాకా.
"లారీ డ్రైవర్ నోట్లో సిగరెట్టంత కూడా లేదే!
దీనికా మీరిద్దరూ నెలరోజులుగా కొట్టుకుంటున్నది?"
తర్వాత నర్సు వైపు తిరిగి, గొంతు తగ్గించి,
"నరంలోకైతే కాఫీ తాగొచ్చా?"
తాగొచ్చంది నర్సు.
తీర్పు అయిపోయింది.

మంగళవారం. కిటికీ అవతల బోస్నా నది,
నది అవతల ఒకే ఒక గొట్టం పొగ.
సంచిలో తుప్పునీళ్ల రంగు మందు
చుక్క, చుక్క.
దొంగ సరుకు లారీని చూసినట్టు
అమ్మ ప్రతి చుక్కనీ కింది దాకా చూసింది,
అలిసిపోయి కళ్లు మూసుకునే వరకు.

ఎముకల లోపల రక్తం వండే చోట దిగుతుందో,
పేగు మలుపులో కాచుక్కూచున్నదాని
గుమ్మంలో దిగుతుందో,
ఆ చీటీ మాకెవరూ రాసివ్వరు.
"తరుగెంత తీయమంటావమ్మా?" అన్నాను,
నిద్రపోయిందనుకునే.

"గేటు దాటాక లెక్క నాది కాదు.
ఇంటికెళ్లగానే కాఫీ పెట్టు.
మొన్నటిలా నీళ్లు కలపకు."